పప్పు ఉడకని నీళ్ళు

ఆన్‌లైన్ విద్యార్థులకి ఇక మీదట పాఠం చెప్పకూడదని మాకు మూడు మధ్యాహ్నాల పాటు పాఠం చెప్పారు.

నేను అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు పర్యావరణ శాస్త్రం చెప్పాను. మా సబ్జెక్టు తీసుకునే పిల్లలు ఏడాదికేడాదీ తగ్గిపోయి చివరికి ఆ విభాగమే మూసేశారు. అప్పుడు ఎక్కడో పెద్ద నగరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయం వాళ్ళ ఆన్‌లైన్ విభాగంలో చేరాను. ఆ విశ్వవిద్యాలయం గేటు ఎలా ఉంటుందో నాకు ఈరోజుకీ తెలీదు. మా ముందుగదిలో కిటికీకి ఎదురుగా బల్ల వేసుకుని, లాప్‌టాప్ కింద రెండు లావుపాటి నిఘంటువులు ఎత్తుపెట్టి, శని ఆదివారాల్లో క్లాసులు తీసుకునేదాన్ని. నా విద్యార్థులందరూ వారమంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకునేవాళ్ళే. అందుకని ఆదివారం చర్చి నుంచి వచ్చి, గబగబా అన్నం తిని, మూడింటికల్లా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

ఆ ఏడాది పైవాళ్ళు కొత్త పద్ధతి అన్నారు. పీబీఎల్ అని దాని ముద్దుపేరు, అంటే ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్. విద్యార్థులకి ముందు పాఠం చెప్పకుండా ఒక సమస్య ఇవ్వాలి. నలుగురైదుగురు కలిసి కూర్చుని, అందులో తమకేం తెలుసు, ఏం తెలీదు, తెలియనిది ఎక్కడ వెతకాలి అని వాళ్ళే తేల్చుకోవాలి. అలా వెతుక్కుంటూ నేర్చుకుంటారన్నమాట. టీచరు పక్కనుండి దారి తప్పకుండా చూడాలి గానీ జవాబు చెప్పకూడదు. నిజం చెప్పాలంటే నాకు వినగానే నచ్చింది. ఇన్నేళ్ళూ నోట్సు చెప్పి చెప్పి నా గొంతు నాకే విసుగొచ్చింది.

కానీ శిక్షణ ఎలా జరిగిందంటే, ఎవరో ఒక పెద్దాయన తెర మీద స్లైడు తరవాత స్లైడు వేసి, ఉన్నది ఉన్నట్టు చదివారు. మూడు రోజులూ అంతే. రెండో రోజు ఉండబట్టలేక చాట్‌లో రాశాను: "ఈ పద్ధతి ఇంత మంచిదైతే మాకూ ఈ పద్ధతిలోనే నేర్పవచ్చు కదండీ?" ఎవరో నవ్వుతున్న బొమ్మ పెట్టారు. పెద్దాయన చదువుతూనే ఉన్నారు.

సాయంత్రం మా కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. అతను మా క్లాసుల రికార్డింగులు చూసి, పద్ధతి ప్రకారం జరుగుతున్నాయో లేదో రాసిపెట్టే ఉద్యోగి. చిన్నవాడు, చాలా మర్యాదస్తుడు.

"మేడమ్ గారూ, అలాంటివి అందరి ముందూ వద్దండీ. నాకు పర్సనల్‌గా పెట్టండి," అన్నాడు.

"పెడితే జవాబు చెప్తారా?"

"నేనేం చెప్పగలనండీ," అన్నాడు పాపం.

సమస్యలు కూడా వాళ్ళే తయారుచేసి పంపించారు. నాకు వచ్చింది ఇది: ఒక మహానగరంలో ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంటు. పై అంతస్తుల వాళ్ళకి నీళ్ళు సరిగా రావు, కింది అంతస్తుల వాళ్ళకి రంగు మారి వస్తాయి. నివాసుల సంఘం మిమ్మల్ని సలహాదారులుగా పెట్టుకుంది, ఏం చేస్తారు?

నా గుంపులో ఐదుగురు. ఒకావిడ సముద్రం దగ్గర, రాజోలు దాటాక వచ్చే ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. నలభైకి దగ్గరలో ఉంది. ఇంటరుతో ఆపేసిన చదువు ఇన్నేళ్ళకి మళ్ళీ మొదలుపెట్టింది. డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు పరీక్షకి కూర్చోవచ్చని. రెండో అతను కూడా ఆ చుట్టుపక్కలవాడే, పాతికేళ్ళుంటాయి, ఇంట్లోవాళ్ళ వ్యాపారం చూసుకుంటున్నానని పరిచయంలో రాశాడు. ఏం వ్యాపారమో నేను అడగలేదు. మిగిలిన ముగ్గురు కాకినాడలో నర్సు ఒకమ్మాయి, ఆలమూరులో ఎరువుల కొట్లో గుమాస్తా, ఇంకొకాయన బస్సు కండక్టరు. ఆ ముగ్గురూ మంచివాళ్ళే గానీ చాలావరకు వినేవాళ్ళు.

మొదటి ఆదివారం తెర మీద ఐదు నల్లటి గడులు. కెమెరాలు ఎవరూ పెట్టలేదు. సమస్య చదివి వినిపించాను.

"ఇందులో మీకేం తెలుసు?" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. ఎవరి ఇంట్లోనో కోడి కూస్తోంది.

"పోనీ, ఏం తెలుసుకోవాలనిపిస్తోంది?"

మళ్ళీ నిశ్శబ్దం. శిక్షణలో చెప్పారు, నిశ్శబ్దానికి భయపడకూడదని, వాళ్ళు ఆలోచించుకుంటారని. నేను భయపడకుండా కూర్చున్నాను. కిటికీలోంచి ఎదురింటి వాళ్ళు కొబ్బరికాయలు దింపించడం చూశాను. రెండు చెట్లు అయిపోయాయి. మా వాళ్ళు ఆలోచించుకుంటూనే ఉన్నారు.

చివరికి ఆ అబ్బాయి చాట్‌లో ఒక పెద్ద పేరా పెట్టాడు. పంపు సామర్థ్యం, పీడన మండలాలు, నిర్వహణ ప్రణాళిక, భాగస్వాముల సమన్వయం అంటూ. ఎక్కడా ఒక అచ్చుతప్పు లేదు. అది మనిషి రాసింది కాదని, ఏదో ఏఐ యంత్రం రాసిచ్చిందని చదివిన మరుక్షణం తెలిసిపోయింది.

"బాబూ, పీడన మండలం అంటే ఏంటి?"

"నెట్‌వర్క్ సరిగా లేదండి, మేడం," అని మళ్ళీ చాట్‌లోనే పెట్టాడు.

ఇక నా వల్ల కాలేదు. మిగిలిన సమయమంతా నేనే మాట్లాడాను. నీటి ట్యాంకులు, పైపుల తుప్పు, క్లోరిన్, అన్నీ చెప్పేశాను. చెప్తున్నప్పుడు హాయిగా ఉంది, అయ్యాక సిగ్గేసింది. రెండురోజులకి కోఆర్డినేటర్ ఒక బొమ్మ పంపాడు. ఎవరెంతసేపు మాట్లాడారో యంత్రం గీసిన గీతలు. నా గీత ఈ చివర నుంచి ఆ చివరకి ఉంది. విద్యార్థులవి ఇసక చల్లినట్టు చుక్కలు. కింద ఎర్ర అక్షరాల్లో, మెరుగుపడాలి అని.

మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ బొమ్మ చూసి చాలాసేపు నవ్వారు.

"నవ్వడానికేముంది ఇందులో? వాళ్ళు నోరు విప్పరు, నేను విప్పితే తప్పు," అన్నాను.

"ముప్పై అంతస్తుల మేడ గురించి వాళ్ళేం మాట్లాడతారు? మన జిల్లాలో అంత మేడ నువ్వు చూశావా?"

ఆయన మామూలుగా అన్న మాటే గానీ నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అది నాకు ముందు తోచాల్సింది. వేరే సమస్య ఇచ్చుకోవచ్చా అని కోఆర్డినేటర్‌కి రాశాను. ఆమోదించిన జాబితాలోవే ఇవ్వాలని జవాబు వచ్చింది. జాబితా తెరిచి చూశాను. మెట్రో రైలు శబ్దం, విమానాశ్రయం దగ్గర పక్షులు, సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్లో వృథా అయ్యే భోజనం. మూసేశాను.

తరవాత ఆదివారం అడక్కుండానే నేను రాసిన సమస్య తెర మీద పెట్టాను. రెండే వాక్యాలు: సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో బోరు నీళ్ళతో పప్పు ఉడకడం లేదు. పదేళ్ళ కిందట ఉడికేది.

చదవడం పూర్తికాకముందే ఒక గడిలోంచి గొంతు వచ్చింది.

"ఆయ్, మేడం. అది మా ఊరేనండి."

అంగన్‌వాడీ టీచరు. నేను ఏ ఊరినీ ఉద్దేశించి రాయలేదు. మా అమ్మ వాళ్ళ వైపు చుట్టాలు అనుకునే మాటలు విని రాశాను.

"మా సెంటర్లో కుక్కర్ ఐదు విజిల్స్ వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉంటాదండి. పిల్లలు ఏరి పక్కన పెట్టేస్తారు. పై నుంచి వచ్చిన మేడం గారు పప్పు సరిగ్గా వండట్లేదని మా ఆయా మీద రాసేసి వెళ్ళేరు. నీళ్ళండి అంటే వినరు," అంది.

అంత పెద్ద మాట ఆ సెమిస్టరులో ఎవరి నోటినుంచీ రాలేదు. నర్సు అమ్మాయి కెమెరా పెట్టింది. "ఆ నీళ్ళు తాగితే ఏమన్నా అవుద్దా?" అని అడిగింది. ఎరువుల కొట్టాయన, నీళ్ళు కరుకు అయితే సబ్బు కూడా నురగ రాదు కదా, చూశారా అన్నాడు. అంగన్‌వాడీ ఆవిడ, అసలు బట్టలు అక్కడ ఉతకడమే మానేశాం, కాలవకి పోతాం అంది. నేను ఒక ఖాళీ పేజీ తెరిచి వాళ్ళు అడుగుతున్న ప్రశ్నలు రాసుకుంటూ పోయాను. ఉప్పు ఎక్కడినుంచి వస్తోంది? ఊరంతా ఒకేలా ఉందా? బోర్లు ఎంత లోతు? ఎప్పటినుంచి? టైము అయిపోయినా ఎవరూ వెళ్ళలేదు. ఆ రోజు నేను చాలా తక్కువ మాట్లాడాను. దానికోసం పళ్ళు బిగపట్టి కూర్చున్నానని వేరే చెప్పక్కర్లేదు.

రెండు వారాల్లో ఆవిడ చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఊళ్ళో పదకొండు బోర్ల నుంచి సీసాల్లో నీళ్ళు పట్టింది. ఒక్కో సీసాకి తెల్ల ప్లాస్టరు అంటించి ఏ వీధో రాసింది. ఊళ్ళో మినరల్ వాటర్ ప్లాంటు నడిపే అతని దగ్గర, నీళ్ళలో కరిగినవి ఎంత ఉన్నాయో అంకె చూపించే పెన్నులాంటి పరికరం అడిగి తెచ్చుకుంది. అది చాలదని, ప్రతి సీసా నీళ్ళతోనూ ఒకే గిన్నెలో, ఒకే గ్లాసు కందిపప్పు, గడియారం చూసి ఒకేసేపు ఉడికించిందట.

"ఆ అంకె మా ఊళ్ళోవాళ్ళకి అర్థం అవ్వదండి. పప్పు చూపిస్తే అర్థం అవుద్ది," అంది.

నేను చూడాలనుకున్నాను. టీచర్లు విద్యార్థుల్ని బయట కలవకూడదని నియమం ఉందో లేదో కూడా అడగలేదు. ఒక సెలవురోజు మా ఆయన స్కూటర్ మీద వెళ్ళాం. రాజోలు దాటాక వరిచేలు తగ్గి, రొయ్యల చెరువులు మొదలయ్యాయి. చెరువుల్లో గాలి కోసం తిరిగే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి.

సెంటరు ఒకే గది. కిటికీ గూట్లో పదకొండు సీసాలు వరసగా. నేల మీద స్టీలు పళ్ళెంలో పదకొండు కుప్పలుగా పప్పు. కొన్ని మెత్తగా గుజ్జులా ఉన్నాయి. కొన్ని గింజ విడిగా, వేలితో నొక్కినా నలగకుండా. ఆయా నా చెయ్యి పట్టుకుని ఒక గింజ నా వేళ్ళ మధ్య పెట్టింది.

"నొక్కండమ్మా. నేను ఒండలేదంటారా? నొక్కి చూడండి," అంది.

నొక్కాను. నలగలేదు. పదహారేళ్ళు కాలేజీలో నీటి కాఠిన్యం గురించి బోర్డు మీద సమీకరణాలు రాశాను. ఒక్కసారి కూడా ఎవరి చేతిలోనూ పప్పుగింజ పెట్టలేదు.

ఆ సీసాల అంకెలు ఊరి పటం మీద గుర్తుపెట్టి, ఆవిడ ఆ ఆదివారం క్లాసులో చూపించింది. పటం చేత్తో గీసిందే. ఎక్కువ ఉప్పున్న బోర్లన్నీ దాదాపు ఒకే వైపున ఉన్నాయి. రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే బోదె పక్కన.

"ఈ చెరువులేనండి కారణం," అంది ఆవిడ.

అప్పుడు ఆ అబ్బాయి మైకు తెరిచాడు. మొదటిసారి అతని అసలు గొంతు విన్నాను.

"అలా ఎలా చెప్పేస్తారండి? చెరువుకి ఆనుకునున్న బోరు ఒకటి తియ్యగా ఉంది కదా, మీ పటంలోనే. అదిగో, కాలవ పక్కన. ఇటు చెరువులే లేని వీధిలో రెండు బోర్లు ఉప్పగా ఉన్నాయి. ఒకరోజు కొలిచి చెప్పేస్తే అయిపోద్దా?"

"మీరు వచ్చి చూడండి మరి. నెట్‌లో చూసి చెప్పకండి," అంది ఆవిడ.

"నేను చూడక్కర్లేదండి. ఆ చెరువులు మా నాన్నగారివి."

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో శిక్షణలో చెప్పలేదు. గుంపులో అభిప్రాయభేదం వస్తే ప్రశ్నని తిరిగి గుంపుకే ఇవ్వాలి అని ఒక స్లైడు ఉన్నట్టు గుర్తు. నేను అది చెయ్యలేదు. ఆయా నా వేళ్ళ మధ్య పెట్టిన గింజ నాకు గుర్తొస్తోంది. వారాల తరబడి పేరుకుపోయిన విసుగంతా కూడా ఆ క్షణాన ఆ అబ్బాయి మీదికే పోయింది.

"ఇన్నాళ్ళూ యంత్రం రాసింది తెచ్చి పెట్టావు. ఈరోజు సొంతంగా మాట్లాడావంటే మీ చెరువులు కాపాడుకోవడానికా?" అన్నాను.

అతని గడి తెర మీద నుంచి పోయింది. క్లాసు అక్కడితో ముగిసింది.

నేను తప్పు చేశానని నాకు వెంటనే తెలిసింది. అతను అడిగింది సరైన ప్రశ్న. అక్షరాలా ఈ పద్ధతి అడగమన్న ప్రశ్న. చెరువు పక్కన తియ్యటి నీళ్ళెందుకున్నాయి, చెరువు లేనిచోట ఉప్పెందుకుంది? నాకు కావలసిన జవాబుకి అది అడ్డొచ్చింది. ఎవరికీ జవాబు చెప్పకూడదని కష్టపడి నోరు మూసుకున్న మనిషిని, లోపల మాత్రం జవాబు ముందే రాసిపెట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు. వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టి ఊరుకున్నాను.

రెండుసార్లు ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"బాబూ, ఆరోజు నేను అలా అనాల్సింది కాదు. నువ్వడిగింది న్యాయమైన ప్రశ్న. నాదే తప్పు," అన్నాను.

"పర్లేదండి మేడం," అన్నాడు. "యంత్రం సంగతి నిజమేనండి. మొదటి సమస్య నాకేం అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఇది అలా కాదు కదండి. ఇది మా ఇంటి ముందు విషయం."

ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పాడు. ఆ ఊళ్ళో బోర్లు వేసే మేస్త్రీని కలిసి, ఏ బోరు ఎన్ని అడుగులు దించాడో రాయించుకున్నాడట. ఆ మేస్త్రీ దగ్గర పాత నోటుబుక్కు ఉంది. చెరువులు లేని వీధిలో ఉప్పగా ఉన్న ఆ రెండు బోర్లూ ఊళ్ళో అన్నిటి కంటే లోతైనవి. చెరువు పక్కన తియ్యగా ఉన్న బోరు లోతు తక్కువది, పైగా పంటకాలవ దానికి నాలుగడుగుల్లో ఉంది.

"అయితే ఏమనుకుంటున్నావు?"

"కింద ఉప్పునీళ్ళు ముందునుంచే ఉన్నాయండి. లోతుగా తోడితే పైకి వస్తున్నాయి. కానీ బోదె పక్కన లోతు తక్కువ బోర్లు కూడా ఉప్పగా ఉన్నాయి. అవి మాత్రం మా వల్లేనండి. అలాగే కనపడతంది."

అంతమాట అనడం అతనికి తేలిక కాదు. తరవాత ఆదివారం క్లాసులో కూడా అదే చెప్పాడు, ఆ అంగన్‌వాడీ ఆవిడ వింటుండగా. ఆవిడ, "ఆ లోతుల కాగితం నాకొకటి పంపండి బాబూ," అంది. మొత్తం ఐదుగురూ కలిసి రిపోర్టు రాశారు. ఇరవై రెండు పేజీలు. భాష గతుకులుగానే ఉంది. ఒకచోట పప్పు ఫొటో పక్కన "ఇది మాడింది కాదు, ఉడకనిది" అని రాశారు. నేను దాన్ని మార్చలేదు.

అప్పుడు వచ్చింది కోఆర్డినేటర్ ఫోను.

"మేడమ్ గారూ, మీ గుంపు రిపోర్టు సిస్టమ్ తీసుకోవట్లేదండీ. సమస్య కోడ్ అడుగుతోంది."

"దానికి కోడ్ లేదండీ. అది నేనిచ్చిన సమస్య."

"జాబితాలో లేనిదానికి మార్కులు పడవండీ. అపార్ట్‌మెంటు సమస్య మీద రిపోర్టు వారంలోగా ఇవ్వాలి. లేకపోతే ఐదుగురూ ఫెయిలైనట్టు చూపిస్తుంది."

"మీరు ఒక్కసారి చదివారా ఆ రిపోర్టు?"

"చదివేనండీ," అన్నాడు. "చాలా బాగుందండీ. మా అమ్మగారిది కూడా ఆ వైపే. కానీ నేనేం చెయ్యగలనండీ?"

పైవాళ్ళ నెంబరు ఇమ్మన్నాను. ఈమెయిలు ఇచ్చాడు. పెద్ద ఉత్తరం రాశాను. జవాబుగా ఒక అంకె వచ్చింది, మీ ఫిర్యాదు నమోదైంది అని. మళ్ళీ రాశాను. ఇంకో అంకె వచ్చింది. అరవడానికి కూడా అవతల మనిషి లేడు. వారం గడుస్తోంది. చివరికి ఐదుగురినీ పిలిచి ఉన్నది చెప్పాను. ఇంత సిగ్గుపడి నేను ఎప్పుడూ క్లాసు తీసుకోలేదు.

"అంటే మనం చేసింది లెక్కలోకి రాదాండీ?" అంది అంగన్‌వాడీ టీచరు.

"వాళ్ళ లెక్కలోకి రాదమ్మా."

"మరి ఆ మేడ గురించి నాకేం తెలుసండి రాయడానికి?"

ఆ అబ్బాయి నవ్వాడు. అందులో సంతోషం లేదు. "అది నాకు వదిలెయ్యండి. గంటలో అయిపోద్ది," అన్నాడు.

గంట కూడా పట్టలేదు. యంత్రం రాసిచ్చింది, అందరి పేర్లూ పెట్టి పంపేశాడు. నాకు తెలుసు. తెలిసీ ఆపలేదు. ఆపితే ఐదుగురి ఏడాదీ పోతుంది. మార్కులు వెయ్యాల్సింది నేనే. కళ్ళు మూసుకుని పాసు మార్కులు వేశాను. పై పరీక్షకుడు వాటిని పెంచాడు. నెల తిరక్కుండా ఆ రిపోర్టు మాకందరికీ ఈమెయిల్లో వచ్చింది, పీబీఎల్ పద్ధతిలో విద్యార్థులు సొంతంగా నేర్చుకున్నారనడానికి మాదిరి అని. కింద మా గుంపు పేరు, నా పేరు. ఆరోజు నేను లాప్‌టాప్ మూసి, బయటికి వెళ్ళి, అవసరం లేకపోయినా వాకిలంతా ఊడ్చాను.

అంగన్‌వాడీ టీచరు ఫోన్ చేసింది.

"నాకు మంచి మార్కులొచ్చేయి మేడం. అందరూ స్వీట్లడుగుతున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతందండి," అంది.

"నాకూ అంతే అమ్మా."

"అసలు రిపోర్టు పంచాయతీకి పట్టుకెళ్ళేనండి. బాగుందన్నారు. కానీ మీ యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద కావాలన్నారు. మీరు ఇప్పించగలరా?"

అడిగాను. జాబితాలో లేని పనికి లెటర్‌హెడ్ ఇవ్వరట. ఆ సంగతి ఆవిడకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. రిపోర్టు చేత్తో తిరగరాసి, వీధివాళ్ళ సంతకాలు పెట్టించి మండల ఆఫీసులో ఇచ్చింది. ఎవరో ఒక ఉద్యోగి వచ్చి రెండు సీసాల నీళ్ళు పట్టుకెళ్ళాడు. ఈలోగా సెంటరు వంటకి, కాలవ పక్కనున్న తియ్యటి బోరు నుంచి ఆయా రెండు బిందెలు మోసుకొస్తోంది. అది చెరువుల గట్టు దాటి వెళ్ళాలి. ఆ అబ్బాయి వాళ్ళ నాన్నగారితో మాట్లాడి గట్టు మీద నడవడానికి ఒప్పించాడు. బోదె మాత్రం అలాగే ఉంది. దాన్ని వేరేవైపు తిప్పాలంటే పక్కవాళ్ళ చేలోంచి పోవాలి, వాళ్ళు ఒప్పుకోవట్లేదు. ఇంట్లో ఆ మాటెత్తితే అన్నం తినకుండా లేచిపోతున్నారండి మా నాన్నగారు, అని అతను ఒకసారి నాకు మెసేజ్ పెట్టాడు.

పిల్లలు ఇప్పుడు పప్పు తింటున్నారు. ఆయా మీద రాసిన రాత మాత్రం రికార్డులో అలాగే ఉంది.

వచ్చే సెమిస్టరు కూడా క్లాసులు తీసుకుంటానని కాగితాల మీద సంతకం పెట్టాను. మా ఆయన ఎందుకు అని అడిగారు. జాబితాలో చేర్చమని ఆ సమస్యని పైకి పంపించానని చెప్పాను. పరిశీలనలో ఉందట. ఇప్పటికి నాలుగుసార్లు అడిగాను.

మొన్న ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. పట్టుకెళ్ళిన రెండు సీసాల సంగతి ఇంకా తేలలేదట.

"ఎవరిని అడగాలండీ మేడం?" అంది.

"నాకూ తెలీదమ్మా. సోమవారం వస్తాను, ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్దాం. ఎవరో ఒకరు చెప్తారు," అన్నాను.

"సోమవారం నాకు సెక్టార్ మీటింగుందండి. మంగళవారం రండి," అంది. "పొద్దున్నే రండి, ఆ సెక్షను ఆయన పదకొండు దాటితే దొరకరు."